వరుసలో చివరి బిందె

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఒక పాత సినిమా వేశారు. మనవరాలు చానలు మార్చబోతే నేను ఆపాను. నలుపు తెలుపు బొమ్మ, అరిగిపోయిన సంగీతం, పేర్లు ఒకదాని కింద ఒకటి పైకి పోతున్నాయి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినాక. అందుకే ఏ పేరునూ ఊరికే వదిలిపెట్టను. కూడబలుక్కుంటూ చదువుతాను. నేను ముగించేలోపల అవి వెళ్ళిపోతే కోపం వస్తుంది. ఆ రోజు మాత్రం అన్నీ అందాయి. రాజు, రాణి, మంత్రి, చెలికత్తె అందరూ వచ్చిపోయాక చివర ఒక మాట ఒంటరిగా నిలబడింది: "మొదలగువారు".

"మొదలగువారంటే ఎవరవ్వా?" అని మనవరాలు నవ్వింది.

"వాళ్ళలో ఒకామె నాకు తెలుసు" అన్నాను.

ఆమె ఉన్నది ఆ సినిమాలో కాదు, ఇంకా పాతదాంట్లో. అది ఇప్పుడు ఏ చానల్లోనూ రాదు. మనవరాలు ఫోనులో ఎంత వెతికినా దొరకలేదు. దాంట్లో ఆమె పేరు వేయలేదు. నేనూ ఇక్కడ వేయను. వేస్తే, "నన్నొక్కదాన్నే ఏస్తే ఎట్ల పాపా? నా ముందర నడిచినోళ్ళ పేర్లేవీ?" అని అడుగుతుంది. ఆమె పోయి చాలా ఏళ్ళయినా ఆ గొంతు నాకు అట్లాగే వినిపిస్తుంది.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిందని మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని మాట్లాడుకునే రోజుల్లో నేను వేముల నుంచి ప్రొద్దుటూరుకు కోడలిగా వచ్చాను. వచ్చిన మరుసటి ఉదయం అత్తతో కలిసి వీధి చివరి మంచినీళ్ళ బావికి పోయాను. ఆడవాళ్ళు నెత్తిన బిందెలతో ఒకరి వెనక ఒకరు తిరిగి వస్తున్నారు. అందరికంటే వెనక నలభై దాటిన ఒకామె. సన్నగా, పొడుగ్గా, మెడ నిటారుగా ఉంది. గానుగ గోడ మలుపు దగ్గర ఆమె టక్కున ఆగింది. బిందె మీద చెయ్యి అట్లాగే ఉంచి, మెడ మాత్రం ఎడమ పక్కకు తిప్పి వెనక్కి చూసింది. నీళ్ళు తొణికి భుజం మీద పడ్డాయి. చెంపను భుజానికి రుద్దుకుని మళ్ళీ నడిచింది. వెనక ఎవరూ లేరు.

మరుసటి రోజూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే.

"ఏమ్మే, నీ ఎనక ఎవురన్నా వస్తాండారా?" అని మా అత్త అరిచేది.

"ఎవురూ లేరొదినా."

"మరి ఎవుర్ని సూస్తాండావు?"

"అలవాటు."

"సినిమా అలవాటా?"

"ఆ. సినిమా అలవాటే" అనేది ఆమె, ఏ మాత్రం సిగ్గుపడకుండా. బావి దగ్గర అందరూ పకపకా నవ్వేవారు. మా అత్త అందరికంటే గట్టిగా నవ్వేది. మా అత్తకు ముక్కుపొడి అలవాటు. నవ్వు ఎక్కువైతే తుమ్ములు వచ్చేవి, తుమ్ములు వస్తే మళ్ళీ నవ్వు వచ్చేది.

ఆమెను నేను పిన్నమ్మా అని పిలిచేదాన్ని. మేమిద్దరం చెనక్కాయల మిల్లులో వేరుశెనగ విత్తనాలు ఏరే పనికి కలిసి పోయేవాళ్ళం. చేటల ముందు వరుసగా కూర్చుని పుచ్చులు, పగుళ్ళు, రాళ్ళు తీసెయ్యాలి. ఆ పని చేతులది, నోటికీ చెవులకూ పని లేదు. అందుకని ఆమె సినిమాలు చెప్పేది. చెప్పేది అంటే కుదరదు, చూపించేది. చేటను నిలబెట్టి తెర చేసేది. "దూరంగా కోట. శానా చిన్నది, మన చేటంత. ఇప్పుడు దగ్గరికొస్తాంది. ఇంగా దగ్గరికొచ్చె. వాకిలి మాత్రమే ఉండాది, కోట లేదు" అనేది. మా కళ్ళ ముందు కోట నిజంగానే పెరిగి వాకిలి అయ్యేది. కొంతసేపటికి, "ఈడ రీలు మారల్ల" అని గమ్మున చెంబెత్తి నీళ్ళు తాగేది. డేరా సినిమాల్లో ఒక్కటే మిషను ఉండేది, రీలు అయిపోయినప్పుడల్లా బొమ్మ ఆగేది. ఆమె కథ కూడా అట్లాగే ఆగాలి. ఆ సందులో, "తర్వాత ఏమాయ?" అని ఎవరైనా అడిగితే, "ఆపరేటరును తొందరపెట్టగూడదు" అనేది.

ఆమె చెప్పేవన్నీ పాత బొమ్మలే, మాటల సినిమాలు కొత్తగా వచ్చిన కాలానివి. అప్పటికే ప్రొద్దుటూరు హాళ్ళలో కొత్త సినిమాలు వస్తుండేవి, మేమూ ఆడవాళ్ళ బెంచీల మీద ఇరుక్కుని చూసేవాళ్ళం. వాటిని ఆమె ఇష్టంగానే చూసేది, కానీ బయటికి వచ్చాక పెదవి విరిచేది. "కొత్త బొమ్మలు శానా బిరీన పోతాండాయి. పాత బొమ్మలో ఆడమనిషి గడప దాటల్లంటే, గడప దాటేదంతా సూపిస్తారు. ఆమెకు పోను ఇష్టముందో లేదో ఆ కాళ్ళే సెప్తాయి" అనేది. హాల్లో ఆమె పక్కన కూర్చోవడం కొంచెం కష్టమే. హీరోయిన్ బిందెతో రాగానే అందరికీ వినపడేటట్టు, "ఖాళీ బిందె" అనేది. "నీకెట్ల తెలుసు పిన్నమ్మా?" అంటే, "నడుం సూడు. ఏమన్నా బరువు తెలుస్తాందా ఆ నడుముకు?" అనేది.

ఆమెకు తెలియకేం. ఆమె కథ ఇదీ.

ఆమె భర్త వడ్రంగి. పెళ్ళయిన కొత్తలో మద్రాసులో సినిమాలకు కోటలూ తోటలూ కట్టే పనికి పోయాడు. ఆమెనూ తీసుకుపోయాడు. ఒక సినిమాకు ఆయన బావి చేశాడు. కొయ్య చట్రం, దాని మీద గోనెపట్ట, పైన సున్నం, రాళ్ళ లాగా గీతలు. దాంట్లో చుక్క నీరు ఉండదు. రాణి ఆ బావి దగ్గర పాట పాడాలి, వెనక పల్లె ఆడవాళ్ళు బిందెలతో నడిచిపోవాలి. ఆ రోజు మనుషులు తక్కువయ్యారని పనివాళ్ళ భార్యలకు తలా ఒక బిందె ఇచ్చి నడవమన్నారు. ఆమె చివరిది. అందరివీ ఖాళీ బిందెలు. ఆమె బిందెలో మాత్రం భర్త ఎవరూ చూడకుండా నీళ్ళు పోశాడు. "నా పెండ్లాము అబద్ధం నడక నడుస్తే నేను సూడలేను" అన్నాడట. ఆమె నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగింది. నీళ్ళు తొణికి భుజం మీద పడ్డాయి. సినిమాలో ఆమె పని అంతే.

ఆ సినిమా పూర్తయ్యేలోపలే ఆయన జ్వరంతో పోయాడు. ఆమె ప్రొద్దుటూరులో అన్న ఇంటికి తిరిగి వచ్చింది. కొన్నాళ్ళకు ఆ బొమ్మ ప్రొద్దుటూరికే వచ్చింది. అన్న గడప దాటనివ్వలేదు. సినిమాలో కనిపించిన ఆడదని నలుగురూ వేలు చూపిస్తారని ఆయన భయం. నాలుగు రోజులు ఆడి బొమ్మ వెళ్ళిపోయింది. తర్వాత అన్న కూడా పోయాడు, ఆపేవాళ్ళు లేరు, కానీ బొమ్మే మళ్ళీ రాలేదు. కాబట్టి మద్రాసులో కెమెరా ముందు నడిచిన ఆమె, ఊళ్ళో ఉన్న సినిమాలన్నీ చూసిన ఆమె, తాను నడిచిన సినిమాను మాత్రం ఎప్పుడూ చూడలేదు. భర్త చేసిన బావి తెర మీద ఎట్లా ఉందో ఆమెకు తెలియదు.

వీధిలో సగం మంది దీన్ని నమ్మేవారు కాదు. నమ్మిన సగం మంది, సినిమాల్లో తిరిగి వచ్చిన మనిషి అని తమ ఇళ్ళకు పిలిచేవారు కాదు. కథ అబద్ధమని ఒప్పుకుంటే వీళ్ళు పిలుస్తారు, నిజమని తేలితే వాళ్ళు నవ్వడం మానేస్తారు. రెండూ ఒకేసారి కుదరవు. ఆమె ఒక్క మాట కూడా మార్చకుండా అదే కథ చెప్పేది, మలుపు దగ్గర అట్లాగే తిరిగేది.

ఒకరోజు బావి దగ్గర మా అత్త గిలక మీద చెయ్యి వేసి అందరి ముందూ తేల్చి చెప్పింది.

"ఇన్యావా, మీ ఆయన బావి తెర మీద కనపడల్ల. నీ మొగం కనపడల్ల. నువ్వు తిరగల్ల, నీళ్ళు తొణకల్ల. ఇయ్యన్నీ నా కండ్లతో సూసిన దినం, ఈ బావికాడ నుంచి మీ ఇంటిదాకా నీ బిందె నేను మోస్తా. నువ్వు చేతులూపుకుంటా రా."

"ఉత్త మోస్తే సాలదొదినా. నేను నడిచినట్టే నడవల్ల."

"నడుస్తా లే."

"మలుపుకాడ తిరగల్ల గూడా."

"తిరుగుతానమ్మే. ముందు నువ్వు ఆ బొమ్మ తీసుకరా, యాడుందో."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ రోజు మిల్లులో సినిమా చెప్పలేదు.

ఆ తర్వాత ఎండాకాలంలో పెద్దముడియం నుంచి ఒక ఆడమనిషి కొత్తగా మిల్లుకు పనికి వచ్చింది. విత్తనాలు ఏరుతూ మాటల్లో మాటగా, జమ్మలమడుగు డేరాలో పాత బొమ్మ ఒకటి ఆడుతోందని చెప్పింది. "కొత్త బొమ్మ పెట్టె రాలేదంట, దీన్ని పెట్టినారు. తెరంతా గీతలే, వాన కురిసినట్టుండాది. సచ్చేవాడు గూడా పాట పాడి సస్తాడు" అని సినిమా పేరు చెప్పింది.

పిన్నమ్మ చేతిలోని చేట జారింది. విత్తనాలు నేలంతా దొర్లాయి. ఆమె వాటిని ఏరుకోకుండా, "ఇంగో తూరి సెప్పు" అంది. ఆ మనిషి సినిమా పేరు మళ్ళీ చెప్పింది.

ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి అత్త ముందు నిలబడింది. "వదినా, బొమ్మొచ్చింది. వస్తావా?"

అత్త ముక్కుపొడి పీల్చి ఆమెను పైకీ కిందికీ చూసింది. "రాకుండా ఉంటానా? నువ్వొక్కదానివే పోతే సూసినా సూసినా అని వచ్చి సెప్తావు" అంది. నాకు అనుమతి అడిగే పనే లేకపోయింది. అత్తకు సాక్షి కావాలి కదా.

మరుసటి రోజు బస్సెక్కి జమ్మలమడుగు పోయాం. దీపాలు పెట్టే వేళకు డేరాలో ఇసుక మీద కూర్చున్నాం. బొమ్మ మొదలయింది. పెద్దముడియం మనిషి చెప్పినట్టే తెర మీద వాన. గొంతులు ముక్కులోంచి వచ్చినట్టుగా ఉన్నాయి. రాణి పడుకునేటప్పుడు కూడా నగలన్నీ వేసుకునే ఉంది. మొదట డేరా అంతా నవ్వింది, మా అత్త తుమ్మింది. కానీ కొంచెం సేపటికి నవ్వులు తగ్గాయి. రాణిని అడవికి పంపేటప్పుడు ఆమె గడప దాటింది. పిన్నమ్మ చెప్పిందే నిజం. గడప మీద ఒక కాలు, గడప లోపల ఒక కాలు, అట్లా ఆమె ఎంతసేపు నిలబడిందో. సంగీతం కూడా ఆగిపోయింది. పక్కకు చూస్తే మా అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. "పొడి కండ్లల్లో పడింది" అంది నాతో. అంతకు ముందు ఏ కొత్త సినిమాలోనూ అత్త ఏడవడం నేను చూడలేదు.

రీళ్ళు మారుతున్నాయి. రాణి అడవిలో తిరుగుతోంది, పల్లె చేరింది, పల్లెలో ఉంది, మళ్ళీ కోటకు వచ్చింది. పెళ్ళి. శుభం. డేరాలో దీపాలు వెలిగాయి.

బావి రాలేదు. బిందెలు రాలేదు.

పిన్నమ్మ తెర వైపే చూస్తూ కూర్చుంది. ఖాళీ తెల్లగుడ్డ. మా అత్త ఈ మాటల కోసమే వచ్చింది కాబట్టి మొదలుపెట్టింది. "బావీ లేదు, బిందే లేదు, నువ్వూ లేవు. అయినా ఒక మాట. బొమ్మ మాత్రం శానా బాగుండాది."

పెద్దముడియం మనిషి బంధువుల ఇంట్లో ఆ రాత్రి తలదాచుకున్నాం. పొద్దున్నే పిన్నమ్మ బస్సు దగ్గరికి కాకుండా డేరా వైపు నడిచింది. వెనకే మేము. మిషను ఉండే రేకుల గది ముందు ఆపరేటరు సాయిబు పళ్ళు తోముకుంటున్నాడు.

"అప్పా, పల్లెలో బావికాడి పాట ఉండల్ల. ఏమాయ?" అని అడిగింది.

ఆయన వేపపుల్ల తీసి ఆశ్చర్యంగా చూశాడు. "ఈ బొమ్మ ఎప్పటిదో, ఆ పాట ఉండాదని నీకెట్ల తెలుసమ్మా?"

"ఆడ నడిచినా."

సాయిబు మా అత్త వైపు చూశాడు. అత్త, "ఆమె అట్లనే అంటాది" అన్నట్టు చెయ్యి తిప్పింది.

"ఆ రీలు యాడికీ పోలేదమ్మా, పెట్టెలోనే ఉండాది. పక్కల రంధ్రాలు సినిగిపోయినాయి. మిషనుకు ఎక్కిస్తే పట్టుకోదు, జారిపోతాది. ఇంగా బలవంతం జేస్తే మంట అంటుకుంటాది. అందుకే తీసి పక్కన పెట్టినా."

పాత బొమ్మలకు ఇట్లా జరగడం మామూలేనట. ఆడినప్పుడల్లా కొంచెం తెగుతుంది, అతికినప్పుడల్లా కొంచెం పోతుంది. చివరికి రాజు ఒక గుమ్మంలోంచి లోపలికి పోయి ఇంకో ఊళ్ళో తేలినా ఎవరూ అడగరు.

పిన్నమ్మ, "ఒకతూరి సూపియ్యి" అంది. ఆయన లోపలికి పోయి డబ్బా తెచ్చి, రీలు కొంచెం విప్పి ఎండకు పట్టాడు. ముగ్గురం తలలు ఆనించి చూశాం. నువ్వుగింజలంత మనుషులు. నెత్తిన ఏవో చుక్కలు. ఎవరు ఎవరో దేవుడికే తెలియాలి. పిన్నమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసి, "ఇది బావి" అంది. అది కూడా ఒక చుక్కే.

"అతుకుతావా అప్పా?"

"అతకొచ్చు. కానీ సినిగిన కాడ కత్తిరిస్తేనే రెండు కొసలూ కలుస్తాయి. కొంత బొమ్మ పోతాది."

"ఏది పోతాది?"

"అది ఇప్పుడే సెప్పలేను. సినుగు శానా దూరం ఉండాది."

పిన్నమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నంత దగ్గరికి జరిగింది. "నడిచేది కత్తిరించు, పరవాలేదు. ఆ రాణి పాట గూడా కావాలంటే కత్తిరించు. సివరి పిల్ల తిరుగుతాది సూడు, అది మాత్రం వద్దప్పా. నీకు పుణ్యముంటాది."

రాణి పాటను కత్తిరించమన్న మనిషిని ఆయన అంతవరకు చూసి ఉండడు. నవ్వాడు. "ఈడ మా గడువు అయిపోయిందమ్మా. డేరా పీకి పులివెందులలో ఏస్తాము. మొదట్లో ఈ బొమ్మే ఆడిస్తాము. ఆలోపల కూసోని అతుకుతా. సూడల్లంటే ఆడికి రాండి."

పులివెందుల దగ్గరే మా పుట్టిల్లు. ఈసారి అత్తే ముందుగా, "కోడలిని పుట్టింటికి తీసుకపోయి శానా దినాలాయ" అని మా మామతో చెప్పింది. పిన్నమ్మ కోసం కాదని నాతో రెండుసార్లు అంది. ఆ రాణి అడవికి పోయే రీలు ఇంకోసారి చూడాలని ఆమెకు ఉంది. అది నాకు తెలుసు.

వేములలో మా అమ్మ పెట్టిన రాగిసంగటి తిని, సాయంత్రానికి పులివెందుల చేరాం. డేరా కొత్తగా వేశారు, గుంజల దగ్గర మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. సాయిబు మమ్మల్ని చూసి రేకుల గది కిటికీలోంచి, "అతికినా. అల్లా దయ" అన్నాడు. ఏది పోయిందో, ఏది మిగిలిందో చెప్పలేదు. అడిగే ధైర్యం పిన్నమ్మకు లేకపోయింది.

బొమ్మ నడిచింది. అత్త గడప దగ్గర మళ్ళీ ఏడ్చింది, ఈసారి ముక్కుపొడి పేరు చెప్పలేదు. రాణి పల్లె చేరింది. రీలు మారింది.

బావి.

జమ్మలమడుగు ఎండలో చుక్కలా కనపడిన బావి తెర నిండా వచ్చింది. రాయి మీద రాయి పేర్చినట్టు, తాడు ఒరుసుకున్న గుర్తుతో సహా ఉంది. గోనెపట్ట అని చెప్పకపోతే బ్రహ్మకు కూడా తెలియదు. పిన్నమ్మ చెయ్యి నా మోకాలి మీద పడింది. రాణి పాట ఎత్తుకుంది. వెనక నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మనకు వీపులు చూపిస్తూ దూరంగా నడిచిపోతున్నారు. అన్నీ జడలూ వీపులే. ఒక్క మొహమూ కనపడదు. ఇద్దరు పోయారు, ముగ్గురు పోయారు, బొమ్మ ఒక్కసారి ఎగిరింది. అతుకు. రాణి ఉన్నట్టుండి బావికి ఆ పక్కన తేలింది, పాట సగంలో తెగి వేరే మాట దగ్గర మొదలయింది. డేరాలో మగవాళ్ళు ఈల వేశారు.

చివరి పిల్ల ఇంకా ఉంది. సన్నగా, పొడుగ్గా, మెడ నిటారుగా. నడుము ఆ బరువును మోస్తోంది. టక్కున ఆగింది. బిందె మీద చెయ్యి అట్లాగే ఉంచి, మెడ మాత్రం ఎడమ పక్కకు తిప్పి మా వైపు చూసింది. నీళ్ళు తొణికి భుజం మీద పడ్డాయి. చెంపను భుజానికి రుద్దుకుని నవ్వింది. రోజూ బావి నుంచి వచ్చేటప్పుడు నేను చూసే మనిషే. వయసు మాత్రం నాది.

"ఒసే" అంది మా అత్త. డేరా అంతా వినపడింది. "ఒసే, నువ్వేనే."

అత్త పిన్నమ్మ భుజం పట్టుకుని ఊపింది. "సూసినావా? ఎట్ల తిరిగినావో సూసినావా?"

పిన్నమ్మ మా ఇద్దరి వైపూ చూస్తోంది. "లే" అంది. "సూడలే."

"ఏంది?"

"మీ మొగాలు సూస్తాంటి వదినా. మీరు సూస్తారో లేదో అని."

ఇరవై ఏళ్ళకు పైగా ఎదురుచూసిన మనిషి, ఆ రెండు ఊపిరుల సేపూ తెరకు పక్కకు తిరిగి మమ్మల్ని చూసింది. తెర మీద అప్పటికే రాణి గుడిసెలోకి పోతోంది.

మా అత్త లేచి నిలబడింది. ఆడవాళ్ళ పక్క నుంచి ఎవరూ అరవడం అంతవరకు నేను వినలేదు. నాటకాల్లో పద్యం బాగుంటే మగవాళ్ళు అరిచే మాట అది. అత్త కొంగు నడుముకు దోపి, రేకుల గది వైపు తిరిగి అరిచింది. "వన్స్ మోర్!"

ఎవరో మగవాడు, "సినిమాకు వన్స్ మోర్ ఏందమ్మా, నాటకం అనుకున్యావా?" అన్నాడు.

"నువ్వు గమ్మున కూసోప్పా. ఆ సివరి పిల్ల ఈడుండాది, మా పక్కనే. ఆమె సూసుకోలేదు. సాయిబూ, మళ్ళీ ఎయ్యి."

ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి పిన్నమ్మను చూశారు. చూసి, మెడను గుర్తుపట్టారు. వేముల ఆడవాళ్ళు, చక్రాయపేట ఆడవాళ్ళు, ఎవరికీ ఆమె ఎవరో తెలియదు. కానీ ఒకరి తర్వాత ఒకరు అదే మాట అందుకున్నారు. ఆ తర్వాత మగవాళ్ళ పక్క కూడా అందుకుంది. సాయిబు కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసి, మిషను ఆపాడు. దీపం వెలిగింది. ఆయన రీలును చేత్తో వెనక్కి చుట్టే కిర్రు కిర్రు శబ్దం తప్ప డేరాలో ఇంకేమీ లేదు. అందరూ ఎదురుచూస్తున్నారు, ఒక బిందె మోసే మనిషి కోసం.

ఈసారి అత్త పిన్నమ్మ గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పి, అట్లాగే పట్టుకుని కూర్చుంది.

బావి వచ్చింది. వీపులు వచ్చాయి. అతుకు ఎగిరింది. ఆ పిల్ల ఆగింది, తిరిగింది, నీళ్ళు తొణికాయి, నవ్వింది. డేరా అంతా చప్పట్లు కొట్టింది. రాణి ఇంకా పాడుతూనే ఉంది, ఆమెను ఎవరూ వినలేదు.

చప్పట్లు తగ్గాక పిన్నమ్మ మెల్లగా అంది. "తిరగొద్దన్నారు వదినా, మళ్ళీ మళ్ళీ సెప్పినారు. నేరుగా నడిచిపోవల్ల, ఎనక్కి సూడగూడదు అని. ఆయన కెమెరా పక్కన నిలబడుండె, చేతిలో సుత్తితో. నీళ్ళ బిందె ఎట్ల మోస్తాండానో సూస్తా నవ్వుతాండె. నాకు తెలుసు. అందుకే తిరిగినా. అందరూ తిట్టినారు. మళ్ళీ తీసేదానికి రీలు లేక అట్లనే ఉంచినారు."

నవ్వింది. "సెప్పిన మాట ఇనింటే ఈ పొద్దు నా వీపు సూస్తాంటిరి."

తెర మీది నుంచి ఆ పిల్ల ఎవరిని చూసి నవ్విందో అప్పుడు మాకు తెలిసింది.

ప్రొద్దుటూరుకు తిరిగి వచ్చిన మరుసటి ఉదయం, మేము చెప్పకముందే వీధికి కబురు చేరింది. బావి దగ్గర నీళ్ళ పని లేనివాళ్ళు కూడా నిలబడ్డారు. ఆమెను తమ ఇళ్ళకు పిలవనివాళ్ళు కూడా అరుగుల మీదికి వచ్చారు. పిన్నమ్మ బిందెను అత్తే చేది నింపింది, అంచు దాకా. సగమే పోయమని నేనంటే, "ఖాళీ బిందె అంటాదే ఆమె, నాకెందుకు ఆ మాట?" అంది. చుట్టకుదురు పెట్టుకుని, బిందె నెత్తికెత్తుకుంది. ఆడవాళ్ళు వరుసగా బయల్దేరారు. చివర మా అత్త. ఆమె పక్కన చేతులూపుకుంటూ పిన్నమ్మ.

గానుగ గోడ మలుపు వచ్చింది. అత్త ఆగింది. లావుపాటి మెడను ఎడమ పక్కకు తిప్పి, వీధి వీధంతా చూస్తుండగా, వెనక్కి చూసింది. నీళ్ళు భుజం మీద కాదు, మొహం మీద, ముక్కు మీద, రవిక మీద పడ్డాయి. అత్త తుమ్మింది. తుమ్ముకు ఇంకో సగం బిందె ఒలికింది. వీధి అంతా నవ్వింది, అత్త కూడా నవ్వింది.

పిన్నమ్మ మాత్రం నవ్వలేదు. నడుము మీద చెయ్యి పెట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి, కెమెరా వెనక నిలబడ్డ మనిషిలా మా అత్తను తేరిపార చూసింది.

"మెడ బాగుండాదొదినా. నీళ్ళు ఎక్కువైనాయి" అంది. అని, వీధి అందరికీ వినపడేటట్టు, "వన్స్ మోర్" అంది.

మా అత్త బావి వైపు తిరిగింది, బిందె నింపుకోవడానికి.